సుదర్శనం గారి నాలుగు శాతం

సుదర్శనం గారు చనిపోయి పది నెలలు దాటినా, ఆయన నిర్ణయాలు మాత్రం ప్రతిరోజూ పొద్దున్న ఏడుంపావుకల్లా పాలప్యాకెట్లతో పాటు ఇంటికి వస్తూనే ఉన్నాయి. ఆ ఊళ్ళో అందరి ఇళ్ళల్లోనూ జరిగేదే కనుక ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. పోయినంత మాత్రాన మనిషి అభిప్రాయాలు మారిపోవని మనోగణాంక శాఖ ఏనాడో తేల్చేసింది. మనిషి బతికుండగానే అతను దేనికి ఏమంటాడో, ఎప్పుడు ఎటు నడుస్తాడో లెక్కగట్టి ఒక నమూనా తయారుచేస్తారు. మనిషికీ నమూనాకీ సరిపోలిక నూటికి తొంభై దాటితే, ఆ మనిషి ఇక ఆలోచించకపోయినా తేడా రాదన్నది శాఖ మొదటి సూత్రం. అసలు మనిషే లేకపోయినా తేడా రాదన్నది రెండోది.

సుదర్శనం గారి సరిపోలిక తొంభై ఆరు. వార్డులో మొదటి పదిమందిలో ఒకరు. బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు టైమ్ కీపరుగా చేసిన మనిషి. బస్సులు ఆలస్యంగా వచ్చేవేమో గానీ ఆయన ఎన్నడూ రాలేదు. సాయంత్రం ఐదూ నలభైకి తలుపు చప్పుడయ్యేది. ఇంట్లో గడియారం ఆగిపోతే ఆయన్ని చూసి ముళ్ళు తిప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషికి నమూనా కట్టడం శాఖవారికి అప్పడం వేయించినంత తేలికైంది.

"అమ్మగారూ, సార్ చీటీ!" అని గేటు దగ్గర కేకేసేది బట్వాడా ఉద్యోగిని గంగాభవాని. ఆయన భార్య హైమవతి తడిచేయి చెంగుకు తుడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టి తీసుకునేది. చీటీలో ఆ రోజుకు కావలసినవన్నీ ఉండేవి. కూర దొండకాయ, వేపుడే, ముద్దకూర కాదు. పక్కింటి గృహప్రవేశానికి వెళ్ళనక్కర్లేదు, పలకరిస్తే చాలు. మేడమీద కొళాయి ఈ నెల బాగుచేయించవద్దు. ఒక్కోదాని పక్కన ఎంత నమ్మకంతో చెబుతున్నారో శాతాల్లో వేసేవారు. మొదటివారం హైమవతి చీటీ చూసి ఏడ్చింది. రెండోవారం దాన్ని ఉప్పుజాడీ కింద పెట్టి పనిలో పడింది. ఆయన ఉన్నప్పుడు కూడా ఇంతకు మించి మాట్లాడింది లేదు కనుక ఇంట్లో పెద్ద మార్పేమీ తెలియలేదు. కంచం ఒకటి తగ్గింది, అంతే.

కూతురు శ్యామల విశాఖ నుంచి ఫోన్ చేసేది.

"అమ్మా, ఓ నెల్రోజులు మా దగ్గరకొచ్చి ఉండవే. ఒక్కదానివీ ఏం చేస్తావక్కడ? నాన్నేమంటున్నారు?"

"ఇల్లు తాళం పెట్టొద్దంటున్నారే. నమ్మకం తొంభై మూడట."

"అంతేలే. నాన్న ఇంకేమంటారు!" అనేది శ్యామల. ఆ మాటలో విసుగు ఎంతుండేదో, నిశ్చింత కూడా అంతే ఉండేది. తండ్రి తండ్రిలాగే ఉన్నాడు మరి.

పదకొండో నెల మొదట్లో చీటీతో పాటు ఒక నోటీసు వచ్చింది. "మీ కుటుంబ యజమాని శ్రీ సుదర్శనం గారి నమూనాకు లొంగని ప్రవర్తన, అనగా శేషం, నాలుగు శాతం, ఒక కట్టగా ఈ కార్యాలయములో ఉన్నది. సంవత్సరీకం లోపుగా దానిని వార్డులోని ఇతర శేషాలతో విలీనం చేయవలసి ఉన్నందున, పదో తారీఖు ఉదయం పదకొండు గంటలకు సామాజిక భవనమునకు సాక్షిగా హాజరు కావలెను. మజ్జిగ ఇవ్వబడును" అని ఉంది అందులో.

హైమవతి దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె బీఏ ప్యాసైంది. అందులో గణాంకాలు ఒక పేపరు. అది కూడా ప్యాసైంది. నమూనా కట్టి ఇరవై రెండేళ్ళు. ఇరవై రెండేళ్ళలో నాలుగు శాతమంటే పదిన్నర నెలలు. పదిన్నర నెలలపాటు ఈ ఇంట్లో, ఆమె వడ్డించిన అన్నమే తింటూ, ఆమెకు తెలియని మనిషొకడు తిరిగాడన్నమాట. ఆయన ఎవరో చూడాలనిపించింది. ఆ రోజు చీటీలో పొట్లకాయ అని ఉంది. పొయ్యి మీద పొట్లకాయ మాడింది. పెళ్ళయ్యాక ఆమె కూర మాడ్చడం అదే మొదలు.

వార్డు మనోగణాంక కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. పొడవాటి హాలు, గోడంతా మందులషాపులోలాగ చిన్నచిన్న సొరుగులు. ఒక్కో సొరుగులో ఒక్కో యజమాని. సుదర్శనం గారు పన్నెండో వరసలో కింది నుంచి మూడో సొరుగు. శేషాల సెక్షను చూసే తాతాజీ అనే గుమాస్తాకు నలభై ఏళ్ళుంటాయి. మర్యాద తెలిసినవాడు. కుర్చీ వేశాడు.

"శేషం కట్ట ఇంటికి ఇవ్వడం కుదరదాండీ?" అని అడిగింది హైమవతి.

"శేషం ఏం చేసుకుంటారమ్మగారూ? పనికొచ్చేదంతా నమూనాలోకి ఎక్కేసిందండి. మిగిలింది తవుడు."

"తవుడైనా మా ఆయనదే కదండీ."

"అలా అనకండి. లెక్క ప్రకారం అందరి శేషాలూ కూడితే సున్నా రావాలండి. రాకపోతే నమూనాలు తప్పని అర్థం. నమూనాలు తప్పవ్వవు కదా. అందుకని సున్నా వచ్చేదాకా కూడతాం. మధ్యలో మీరొక కట్ట పట్టుకుపోతే వార్డంతా ఆగిపోతుందండి." సొరుగులవైపు చూసి, "పోనీ, సార్‌నే అడిగి చూద్దాం. యజమాని ఒప్పుకుంటే పైకి రాస్తాను" అన్నాడు.

ఒక కాగితం మీద ప్రశ్న రాసి, మడిచి, పన్నెండో వరస సొరుగులో వేసి మూశాడు. ఇద్దరూ ఎదురుచూశారు. ఫ్యాను తిరుగుతోంది. సుదర్శనం గారు దేనికైనా జవాబు చెప్పడానికి తీసుకునేంత సేపే తీసుకున్నారు. తాతాజీ సొరుగు లాగి చీటీ చదివాడు.

"వద్దంటున్నారండి. నమ్మకం తొంభై ఎనిమిది. అరవై మూడో ప్రశ్న ఆధారం: 'నా కాగితాలు ఇంకొకరు చూడటం నాకు ఇష్టం ఉండదు.' అవును అని టిక్కుంది."

ఆ టిక్కు హైమవతికి జ్ఞాపకమొచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ఆదివారం. ఆయన పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నారు. నూట నలభై ప్రశ్నల ఫారం చూపిస్తే, "నా గురించి నీకు తెలియనిదేముంది, నువ్వే రాసెయ్" అన్నారు. ఆ మాటకు ఆమె పొంగిపోయింది. కుక్కరు మూడో కూత వేసేలోగా అరవై ప్రశ్నలకి టిక్కులు పెట్టేసింది. ఆ ముందురోజే బల్ల దులుపుతుంటే ఆయన "ముట్టుకోకు" అన్నారు కనుక అరవై మూడుకి అవును. ప్రతి ప్రశ్న కింద భార్యకని ఒక చిన్న గడి ఉంది. అందులో 'పైదే' అని రాసింది. పది ప్రశ్నలయ్యాక చెయ్యి నొప్పిపుట్టి, రెండు చుక్కలు పెట్టుకుంటూ పోయింది. చివర్లో ఆయన లేచి కాఫీ తాగుతూ సంతకం చేశారు.

"ఆ ఫారం నింపింది ఆయన కాదండీ. నేను" అంది హైమవతి. అన్నాక ఏదో నేరం ఒప్పుకున్నట్టు ఆమె చెవులు వేడెక్కాయి.

తాతాజీ కొంచెమైనా చలించలేదు. "ఈ వార్డులో నాలుగు వేల నూట పన్నెండు మంది మగవాళ్ళ నమూనాలున్నాయండి. వాటిలో మగవాళ్ళు సొంతంగా నింపినవి తొమ్మిది. ఆ తొమ్మిదిమందీ పెళ్ళికానివాళ్ళు."

"మరి మగవాళ్ళు ఎలా ఆలోచిస్తారో చెబుతూ మీ శాఖ రెండు లావుపాటి పుస్తకాలు వేసింది కదండీ?"

"మూడోది అచ్చులో ఉందండి" అన్నాడు తాతాజీ వినయంగా.

మొత్తానికి కట్ట ఇంటికి రాదని తేలిపోయింది. కానీ సాక్షి సంతకం పెట్టేవారు తాము దేనికి సంతకం పెడుతున్నారో పది నిమిషాలు చూసుకోవచ్చని నిబంధన ఉంది. రాసుకోకూడదు, ఫొటో తీయకూడదు, పైకి చదవకూడదు. తాతాజీ కట్ట తెచ్చి, ఎర్రదారం విప్పి, చేతిగడియారం తీసి బల్లమీద పెట్టాడు.

కాగితానికి రెండు వరసలు. ఎడమవైపు అంచనా, కుడివైపు గమనించినది. గమనింపు పని వీధికొక ఇస్త్రీ బండివాడు చూసేవాడు. బండి ఎలాగూ రోజంతా అక్కడే ఉంటుంది. చేతిరాత గుండ్రంగా, పొదుపుగా ఉంది.

అంచనా: టీ. గమనించినది: నిమ్మసోడా.

అంచనా: విధి ముగియగానే ఇంటికి. గమనించినది: డిపో గోడ మీద కూర్చుండి, పోయే బస్సుల బోర్డులన్నీ చదివెను. భద్రాచలం బస్సు కదలగా లేచి నిలబడెను. ఎక్కలేదు.

అంచనా: భార్య పుట్టింటికి వెళ్ళిన దినములలో హోటలు భోజనం. గమనించినది: భోజనం లేదు. అరటిపండ్లు రెండు.

ఈ ముక్క దగ్గర హైమవతి ఆగింది. పుట్టింటి నుంచి వచ్చినప్పుడల్లా, "హోటల్లో బాగానే తిన్నారా?" అని ఆమె ఎత్తిపొడిచేది. "ఆఁ" అనేవారాయన. అరటిపళ్ళ సంగతి చెబితే ఆమె ఏమనుకుంటుందని చెప్పలేదో, ఇప్పుడు సొరుగుకి కూడా తెలియదు.

"ఆరు నిమిషాలైందండి" అన్నాడు తాతాజీ, కిటికీవైపు చూస్తూ.

ఆమె కాగితాలు గబగబా తిప్పింది. మధ్యలో ఒక పేజీ మిగతావాటికన్నా నలిగి ఉంది. అంచనా: ఐదూ నలభైకి తలుపు కొట్టును. గమనించినది: ఐదూ ఇరవై ఎనిమిదికే వచ్చి, చెప్పులు విడిచి చేత పట్టుకుని, మెట్ల మీద నిలబడెను. లోపల ఆడమనిషి పాట. పాట ముగిసిన పిమ్మట చెప్పులు తొడిగి, ఐదూ నలభైకి తలుపు కొట్టెను. దాని కింద ఇంకో తారీఖు, పైదే. ఇంకో తారీఖు, పైదే. పేజీ చివర మొత్తం వేసి ఉంది: అరవై ఒక్క సార్లు.

ఎనభై ఎనిమిదో ప్రశ్న, 'భార్య పాడినచో.' ఇష్టం, అయిష్టం, పట్టించుకోరు అని మూడు గడులుంటే హైమవతి రెండోదానికి టిక్కు పెట్టింది. పెళ్ళైన కొత్తలో చుట్టాలు పాడమని పట్టుబడితే ఆమె పాట ఎత్తుకుంది. రెండో చరణంలో ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పటి నుంచి సాయంత్రం బియ్యం ఏరుకుంటూ ఒక్కర్తే పాడుకునేది. సరిగ్గా ఆయన వచ్చే వేళకు పాట ముగించేది. ఇన్నేళ్ళూ అది తన జాగ్రత్త అనుకుంది.

"పదైందండి" అన్నాడు తాతాజీ. ఆమె చేతుల కింద నుంచి కాగితాలు నెమ్మదిగా లాక్కుని, అంచులు సరిచేసి, దారం చుట్టాడు.

హైమవతి చెంగు సర్దుకుంది. తర్వాత, "ఎనభై ఎనిమిదో దాంట్లో తప్పు పడిందండీ. దిద్దుకోవచ్చా?" అంది.

"దిద్దితే ఏమవుతుందో తెలుసా అమ్మగారూ? అది శేషంలోంచి తీసి నమూనాలోకి ఎక్కిస్తాం. రోజూ సాయంత్రం చీటీ వస్తుందండి. 'మెట్ల మీద నిలబడ్డారు' అని. నమ్మకం ఫలానా అని."

"రానివ్వండి."

"కానీ దిద్దేది నింపినవాళ్ళే దిద్దాలి. నింపింది మీరని రాసివ్వాలి. అలా రాసిస్తే ఒక్క ఎనభై ఎనిమిదే కాదు, నూట నలభైకి నూట నలభై చెల్లవు. సార్‌కి అసలు నమూనానే లేనట్టు." తాతాజీ గొంతు తగ్గించాడు. "అప్పుడు సుదర్శనం గారు నూటికి నూరుపాళ్ళూ శేషమైపోతారండి. పదో తారీఖున మొత్తం మనిషిని సున్నాలో కలిపేయాలి. ఆయన ఈ వార్డులో ఉన్నట్టే దాఖలా ఉండదు."

"రాసివ్వకపోతే?"

"నాలుగే పోతుంది. తొంభై ఆరు మీకుంటుంది. పొద్దున్నే చీటీ వస్తుంది. అందరూ అదే చేస్తారమ్మగారూ."

హైమవతి సొరుగుల గోడవైపు చూసింది. ఆ తొంభై ఆరు ఎవరిదో ఆమెకిప్పుడు స్పష్టంగా తెలుసు. ఇన్నాళ్ళూ దొండకాయ వేపుడు చేయమన్నదీ, ఇల్లు తాళం పెట్టొద్దన్నదీ, కూతురింటికి పోనివ్వనిదీ, బియ్యపు చేట పక్కన పెట్టుకుని కుక్కరు కూతలు లెక్కపెడుతూ టిక్కులు కొట్టిన ముప్ఫై ఆరేళ్ళ మనిషే. సుదర్శనం గారు ఉన్నదంతా ఎర్రదారం కట్టిన ఆ నాలుగులోనే. కానీ కూతురికి ఫోన్లో ఏం చెబుతుంది? మీ నాన్న లేరు, ఎప్పుడూ లేరు, నువ్వు మాట విన్నదంతా నాదే అని చెబుతుందా?

"మీ నాన్నగారి కట్ట కలపడం అయిందా అబ్బాయ్?" అని అడిగింది.

"నిరుడేనండి. కూడింది నేనే."

"చూశావా, కూడేముందు?"

"లేదండి. చూడొద్దన్నారు నాన్నగారు. నమ్మకం తొంభై తొమ్మిది."

"ఫారం ఎవరు నింపారు?"

"మా అమ్మ" అని తాతాజీ కలం మూత తీసి, ఆమె సంతకం పెట్టవలసిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాడు. హైమవతి సంతకం పెట్టింది.

పదో తారీఖున సామాజిక భవనం ముందు షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, మజ్జిగ ప్యాకెట్ల తొట్టి. వచ్చినవాళ్ళంతా దాదాపు ఆడవాళ్ళే. వేదిక మీద కట్టలు పేర్చి ఉన్నాయి. అధికారి ఒకాయన, వార్డు సరిపోలికలో జిల్లాకే తలమానికంగా ఉందని మాట్లాడి కూర్చున్నాడు. తాతాజీ మైకు దగ్గర అంశాలవారీగా చదువుతుంటే, ఇద్దరు గుమాస్తాలు బోర్డు మీద ఒకవైపు ఎక్కువలు, ఒకవైపు తక్కువలు వేసుకుంటూ పోయారు. నిమ్మసోడా తాగినవారికి, తాగుతారనుకుంటే తాగనివారు సరిపోయారు. బస్సు ఎక్కుతారనుకుంటే ఎక్కనివారు ముప్ఫై మంది, ఎక్కరనుకుంటే ఎక్కి వెళ్ళిపోయినవారు ముప్ఫై మంది. అలా వెళ్ళిపోయిన ముప్ఫైమంది భార్యలూ ఒకే వరసలో కూర్చున్నారు.

హైమవతి పక్కన కూర్చున్నావిడ చర్చిలో పాటల బృందం నడిపే మేరీ సులోచన. తనే మాట కలిపింది.

"మీవారికి దేంట్లో తేడా వచ్చిందండీ?"

"పాటలో. ఇష్టం లేదని రాశాను. వినేవారట, మెట్ల మీద నిలబడి. అరవై ఒక్కసార్లు."

"అయ్యో తల్లీ!" సులోచన ఆమె చేతి మీద చెయ్యి వేసింది. అంతలోనే నవ్వింది. "మాది మీకు తిరగేసిన కేసండీ. నేను పాడుతుంటే మా ఆయన ఎదురుగా కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మైమరచి వింటున్నారనుకుని ఇష్టం అని టిక్కు పెట్టేశాను. చెవుల్లో దూది పెట్టుకునేవారట. ఆ ఇస్త్రీవాడు చూశాడు కిటికీలోంచి. అరవైసార్లు."

హైమవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోనీ, ఎదురుగా కూర్చునేవారు కదండీ. దూది పెట్టుకునైనా" అంది.

"అదే అనుకుంటున్నానండి, నిన్నటి నుంచి. ఇష్టం లేకపోతే లేచి పోవచ్చుగా, మానవుడు!" అంది సులోచన. చెంగుతో ముక్కు తుడుచుకుంది.

అప్పుడే మైకులో వినబడింది. "భార్య పాట. ఎక్కువ అరవై ఒకటి. తక్కువ అరవై." గుమాస్తాలు కొట్టేశారు. బోర్డు మీద ఒకటి మిగిలింది.

హైమవతి కుర్చీలోంచి లేచింది. "ఆ ఒక్కటీ ఏం చేస్తారండీ?"

జనం తిరిగి చూశారు. తాతాజీ అధికారి దగ్గరికి వెళ్ళి వంగి మాట్లాడి వచ్చాడు. "గణాంకాల ప్రకారం ఒకటి లెక్కలోకి రాదమ్మగారూ. సున్నాకీ దానికీ తేడా లేదని పుస్తకంలోనే ఉందండి" అన్నాడు, మైకులోంచే, వీలైనంత మెత్తగా.

ఆ ఒక్కటీ ఏ సాయంత్రమో, ఆ రోజు తను ఏ పాట పాడిందో హైమవతి జ్ఞాపకం చేసుకోబోయింది. బోర్డు మీద తడిగుడ్డ పడింది. మధ్యాహ్నం ఒంటిగంటకు వార్డు మొత్తం సున్నా వచ్చిందని అధికారి ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. పక్కవాళ్ళు కొడుతుంటే బాగుండదని హైమవతీ కొట్టింది.

బయటికి వచ్చేచోట బల్లమీద అభిప్రాయ పత్రాలు పెట్టారు. జనం ఎండలో నిలబడకుండా శాఖవారే టిక్కులు ముందుగా అచ్చువేయించారు. చూసుకుని సంతకం పెడితే చాలు. 'కార్యక్రమం వలన మీకు మనశ్శాంతి కలిగినదా? కలిగినది. పోయినవారి గురించి మీకు తెలియనిది ఇంకేమైనా ఉన్నదా? లేదు.' ఏదైనా తప్పుంటే ఇప్పుడే చెప్పమన్నాడు తాతాజీ. సులోచన కళ్ళజోడు పెట్టుకుని తనది చదివి, హైమవతికి అందించింది. హైమవతి తన పత్రం ఒకసారి, సులోచన పత్రం ఒకసారి, మళ్ళీ తనది ఒకసారి చదివింది; పేర్లు తప్ప తేడా లేదు.

వెనక వరస పెద్దదవుతోంది. ఇద్దరూ అంతా సరిగ్గానే ఉందన్నారు.